76 రోజుల డ్రెస్సింగ్

మార్చి 8, శనివారం. పొద్దున ఎనిమిదిన్నరకి వాటర్ క్యాన్ అబ్బాయి బెల్ కొట్టి, క్యాన్ గుమ్మం బయటే పెట్టేసి వెళ్లిపోయాడు. మామూలుగా వంటింట్లో స్టాండ్ మీదికి ఎక్కించి వెళ్తాడు. ఆ రోజు ఏం తొందరో. నేను ఫోన్ మాట్లాడుతూ, అలవాటు కొద్దీ వంగి, 20 లీటర్ల క్యాన్‌ని ఎడం చేత్తో లోపలికి లాగాను.

అప్పుడేమీ అనిపించలేదు. పది నిమిషాల తర్వాత టీషర్టు ఎడం పక్క, చంక కింద తడిగా తగిలింది. క్యాన్ నీళ్లు ఒలికాయనుకున్నా. చూస్తే లేత ఎరుపు.

బాత్రూం అద్దం ముందు చెయ్యెత్తి చూసుకున్నాను. కుట్టు చివర చిన్న నోరు తెరుచుకున్నట్టు విడిపోయి ఉంది. లోపల పసుపూ ఎరుపూ కలిసిన రంగు. నాకు సర్జరీ అయ్యి ఆ రోజుకి 16 రోజులు.

ఏం సర్జరీ అంటే, నేను ట్రాన్స్ మ్యాన్‌ని. పుట్టినప్పుడు ఆస్పత్రి కాగితంలో ఆడపిల్ల అని రాశారు. నేను మగవాణ్ణి. వయసు 28, హైదరాబాద్‌లో బ్యాకెండ్ డెవలపర్‌ని. 2025 ఫిబ్రవరి 20న టాప్ సర్జరీ చేయించుకున్నాను. ఛాతీలో పెరిగిన కణజాలాన్ని తీసేసి, చర్మాన్ని సరిచేసి, నిపుల్స్‌ని చిన్నవి చేసి మళ్లీ అతికిస్తారు. రెండు వైపులా చంక దాకా అడ్డంగా కుట్లుంటాయి. దీనికి ముందు ఏడేళ్లు బైండర్ వేసుకున్నాను. బైండర్ అంటే ఛాతీని నొక్కిపట్టే బిగుతు బనియన్. ఇంజినీరింగ్ ఫైనలియర్ నుంచి ఆఫీసు దాకా, గుంటూరు ఎండలు, హైదరాబాద్ ఎండలు అన్నీ దాంట్లోనే. నిండా ఊపిరి తీసుకోవడం ఎలా ఉంటుందో నేను నిజంగా మర్చిపోయాను.

టాప్ సర్జరీ వీడియోలు మీరు చూసే ఉంటారు. డాక్టర్ కట్టు విప్పుతాడు, వెనక మ్యూజిక్ లేస్తుంది, పేషెంట్ అద్దంలో చూసుకుని ఏడుస్తాడు. కింద పదివేల హార్ట్‌లు. నేనూ అవే చూసి రెండేళ్లు బతికాను. ఏడో రోజు నా కట్టు విప్పినప్పుడు నేనూ ఏడ్చాను, మ్యూజిక్ లేదంతే. అయితే పదహారో రోజు వీడియో ఎవ్వరూ పెట్టరు. తడి టీషర్టుకి రీల్ ఏం చేస్తాం?

ఆ రోజు రాత్రి పదిన్నరకి మళ్లీ రక్తం కారింది. సర్జన్ ఫోన్ కలవలేదు. పక్క వీధిలోని ఆస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్లాను. డ్యూటీ డాక్టర్ నా ఛాతీ చూశాడు, ఫైల్ చూశాడు, మళ్లీ నా మొహం చూశాడు. 'అసలు మీరేంటి?' అన్నాడు. తర్వాత ఇంకో ఇద్దర్ని పిలిచాడు. వాళ్లొచ్చి చూశారు. నేను చెయ్యి పైకెత్తి పట్టుకుని కూర్చున్నాను, ఆ పొజిషన్లో చెయ్యి లాగేస్తుంది. రక్తం ఆగడానికి ఎవరైనా దూది నొక్కిపెడితే చాలు. అది చివర్న ఒక నర్సు చేసింది, ఎవరూ చెప్పకుండానే. బిల్లు 1,800.

ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల కోసం 2019లో వచ్చిన చట్టంలో, ఇలాంటి సర్జరీలకి ముందూ తర్వాతా కౌన్సెలింగ్ ఉండాలనీ, డాక్టర్ల సిలబస్‌ని సమీక్షించాలనీ రాశారు. రాత్రి పదిన్నరకి ఆ సిలబస్ ఇంకా పక్క వీధి దాకా రాలేదు. ఇలాంటప్పుడు ఫోన్ చేసి అడగడానికి మాకు ఒక చోటుండేది. ట్రాన్స్ వాళ్ల కోసం, ట్రాన్స్ వాళ్లే పనిచేస్తూ నడిపిన మిత్ర్ క్లినిక్. 2021లో మన హైదరాబాద్‌లోనే మొదలైంది. హార్మోన్లు మొదలుపెట్టేముందు నేను భయం లేకుండా షర్టు విప్పిన మొదటి డాక్టర్ గది అదే. అమెరికా యూఎస్ఎయిడ్ నిధులు ఆగిపోవడంతో 2025 మొదట్లో అది మూతపడింది. నా కుట్టు ఊడే సమయానికి ఆ నంబరు నా ఫోన్లో ఉంది గానీ, ఎత్తేవాళ్లు లేరు.

సోమవారం సర్జన్ దగ్గరికి వెళ్తే ఆయన కంగారుపడలేదు. కుట్టు చివరన లాగుడు ఎక్కువ ఉంటుంది, లోపల కాస్త నీరు కూడా చేరినట్టుంది, అందుకే విడింది అన్నారు. క్యాన్ వల్లేనా అంటే, 'క్యాన్ వల్ల కూడా' అన్నారు. మళ్లీ కుట్లు వేయమన్నాను. తెరుచుకున్న గాయంలో అప్పటికే సూక్ష్మజీవులు చేరి ఉంటాయట. పైన కుట్టేస్తే లోపల చీము పడుతుంది. అందుకని తెరిచే ఉంచి, రోజూ శుభ్రం చేస్తూ, అడుగు నుంచి కొత్త కండ పెరిగి దానంతట అది పూడేదాకా ఆగాలి.

'ఎన్ని రోజులు సార్?'

'వారాలు అడుగు. నాలుగు పట్టొచ్చు, పన్నెండు పట్టొచ్చు.'

సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటి ఎస్టిమేట్ ఇస్తే మా మేనేజర్ ఊరుకోడు.

అసలు సమస్య ఆ గాయం ఉన్న చోటు. ఎడమ చంక కింద, కొంచెం వెనక్కి. కుడి చెయ్యి అందుతుంది, కన్ను అందదు. అద్దంలో చూస్తూ గాజ్‌ని లోపలికి పెట్టబోతే ప్రతిసారీ పక్కన పెట్టేవాణ్ణి. సర్జరీ తర్వాత పది రోజులు చూసుకున్న ఫ్రెండ్స్ ఇద్దరూ సెలవులైపోయి వెళ్లిపోయారు. ఇక మిగిలింది అమ్మ.

అమ్మకి నా గురించి మూడేళ్ల కిందే చెప్పాను. మొదట ఏడ్చింది, తర్వాత ఆరు నెలలు మామూలు విషయాలు తప్ప మాట్లాడలేదు. ఆ తర్వాత ఒకరోజు ఫోన్లో, 'నువ్వెట్లా ఉన్నా సరే నాన్నా, కోయించుకోవద్దు మాత్రం' అంది. సర్జరీ డేట్ చెప్పినప్పుడు 'సరే' అని పెట్టేసింది. రాలేదు. నేనూ రమ్మనలేదు. అలాంటి మనిషికి ఫోన్ చేసి, ఏది వద్దందో దాన్నే కడగడానికి రమ్మనాలి.

'అమ్మా, కొంచెం వస్తావా?' అన్నాను. ఎందుకని అడగలేదు. నరసరావుపేట నుంచి రాత్రి బస్సెక్కి, తెల్లారేసరికి మియాపూర్‌లో దిగింది. సంచిలో రెండు చీరలు, వెల్లుల్లి కారం డబ్బా, పాత బియ్యం.

మొదటి డ్రెస్సింగ్ రోజు నాకు బాగా గుర్తుంది. నేను కుర్చీలో వెనక్కి తిరిగి కూర్చుని చెయ్యెత్తాను. అమ్మ నా ఛాతీ వైపు చూడలేదు. గాయం వైపే చూసింది. చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని, గ్లౌజులు వేసుకుని, పాత గాజ్‌ని సెలైన్‌తో తడిపి, అది నానేదాకా ఆగి, మెల్లగా తీసింది. నాకంటే, ఎమర్జెన్సీలో డాక్టర్‌కంటే బాగా చేసింది. అప్పుడు గుర్తొచ్చింది, మా తాతయ్య షుగర్ పుండుకి రెండేళ్లు కట్టు కట్టింది అమ్మే. నేను స్కూల్ నుంచి వచ్చేసరికి వరండాలో అదే పని చేస్తుండేది. ఆ వాసన నచ్చక నేను పెరట్లోంచి ఇంట్లోకి వెళ్లేవాణ్ణి.

'తాతయ్యది దీనికి పదింతలు ఉండేది' అంది. ఓదార్పు అనుకుంటా.

గొడవలు కట్టు దగ్గర రాలేదు, కంచం దగ్గర వచ్చాయి. సర్జన్ రాసిచ్చిన కాగితంలో గుడ్లు, పప్పు, చికెన్, పెరుగు బాగా తినాలని ఉంది. కొత్త కండ పుట్టాలంటే ప్రొటీన్ కావాలి కదా. అమ్మ దగ్గర వేరే కాగితం ఉంది, ఎక్కడా రాయని కాగితం. పప్పు తింటే చీము పడుతుంది. గుడ్డు వేడి. వంకాయ, గోంగూర దురద. మామిడికాయ పేరెత్తకూడదు. మీ ఇంట్లో కూడా ఎవరికైనా ఆపరేషన్ అయితే ఈ లిస్టు వినే ఉంటారు. కందిపప్పుకీ చీముకీ సంబంధం ఏంటో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. రెండూ పసుపుగా ఉంటాయనా?

ఆవిడ పెట్టింది బీరకాయ కూర, పొట్లకాయ కూర, మొదటి ముద్దలో వెల్లుల్లి కారం, నెయ్యి. మూడో రోజు తింటూ తింటూ నాకు వెలిగింది. ఇది మా అక్కకి కాన్పు తర్వాత పెట్టిన భోజనం. అమ్మకి తెలిసిన ఆపరేషన్ పథ్యం అదొక్కటే. మగాడినని చెప్పడానికి ఏడేళ్లు తంటాలు పడి, చివరికి బాలింత పథ్యం తింటున్నాను. నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. చెప్తే ఆవిడ చెయ్యి ఆగిపోతుందేమోనని చెప్పలేదు. పైగా నెయ్యి వెల్లుల్లి కారం చాలా బాగుంది.

గుడ్డు విషయంలో మాత్రం డ్రెస్సింగ్ రూమ్ సిస్టర్ చేత చెప్పించాను. 'రోజుకి రెండు గుడ్లు పెట్టకపోతే పుండు మానదు అమ్మా' అని ఆవిడ గట్టిగానే అంది. అమ్మ గుడ్డుకి ఒప్పుకుంది. పెసరపప్పుకీ ఒప్పుకుంది, అది చలవట. కందిపప్పు దగ్గర మాత్రం కదల్లేదు.

పసుపు అద్దుతానన్నప్పుడు కూడా ఇలాగే అయింది. ఇంకోటి, 'కట్టు విప్పి కాసేపు గాలి తగలనీ, ఆరుతుంది' అనేది. ఇది అమ్మ ఒక్కతే కాదు, నా ఫ్రెండ్స్, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కూడా అన్నారు. గాయం ఆరితే మానినట్టే అని మనందరి నమ్మకం. 1962లో జార్జ్ వింటర్ అనే పరిశోధకుడు పందుల మీద చిన్న గాయాలు చేసి, కొన్నిటిని గాలికి వదిలి, కొన్నిటిని ప్లాస్టిక్ పొరతో తడి ఆరకుండా కప్పి చూశాడు. కప్పిన వాటి మీద కొత్త చర్మం దాదాపు రెండింతలు వేగంగా పాకింది. పైన గట్టి పెచ్చు కడితే కొత్త చర్మ కణాలు దాని కింద దారి వెతుక్కుంటూ వెళ్లాలి, తడిగా ఉంటే నేరుగా పాకుతాయి. ఇదంతా నేను రాత్రి రెండింటికి చదివి పొద్దున్నే అమ్మకి చెప్తే, 'పందులకి చేశార్లే' అంది.

నేను ఎక్సెల్ షీట్ పెట్టాను. ప్రతి ఆదివారం స్కేలు పెట్టి ఫోటో తీసి, పొడవు, వెడల్పు రాసుకునేవాణ్ణి. మొదటి ఆదివారం 3.8 సెంటీమీటర్లు. రెండోది 4.0. మూడోది 4.3. రోజూ రెండు పూటలా కడిగి, గుడ్లు తిని, కదలకుండా పడుకుంటే గాయం పెరుగుతోంది. ఆ షీట్ చూసి నాకు చెమటలు పట్టాయి. సిస్టర్‌కి చూపిస్తే నవ్వింది. గాయం అడుగున పసుపుగా అంటుకుని ఉండేదంతా చీము కాదట, చచ్చిన కణజాలమట. అది ఊడిపోతుంటే అంచులు శుభ్రమై, ముందు పెద్దదైనట్టు కనిపిస్తుంది. ఆ తర్వాతే చిన్నదవుతుంది. చూడాల్సింది సైజు ఒక్కటే కాదు, అడుగున దానిమ్మ గింజల్లా ఎర్రటి గరుకు కండ వస్తోందా లేదా అని. జ్వరం వచ్చినా, చుట్టూ ఎరుపు పాకుతున్నా, దుర్వాసన వచ్చినా మాత్రం అర్ధరాత్రయినా పరిగెత్తాలి. ఈ మాట మీలో ఎవరికైనా అవసరం పడితే గుర్తుంచుకోండి.

మార్చి 30, ఉగాది. స్కేలు 4.2 చూపించింది. ఉగాది పచ్చడి అమ్మ నాకు ఒక్క చెంచా పెట్టింది, అందులోనూ మామిడి ముక్కలు ఏరేసి. మధ్యాహ్నం పెద్దమ్మ ఫోన్ చేసింది. అమ్మ పిండి చేతులతో ఉండి స్పీకర్ ఆన్ చేసింది. నేను హాల్లో ఉన్నానని పెద్దమ్మకి తెలీదు.

'ఇంకా మానలేదా? దేవుడిచ్చిన ఒంటిని కెలుక్కుంటే ఇట్లాగే ఉంటది. ఇప్పుడన్నా తెలిసొచ్చిందంటనా?'

అమ్మ ఏం మాట్లాడలేదు. పండగ సంగతుల్లోకి మాట మార్చింది.

ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ప్రశ్నే. గాయం అయినప్పటి నుంచి నేను ఒక్కసారి కూడా 'నొప్పిగా ఉంది' అని గట్టిగా అనలేదు. మోకాలి ఆపరేషన్ చేయించుకున్న మా మావయ్య మూడు నెలలు మూలుగుతూనే ఉన్నాడు, ఎవరూ 'మోకాలు మార్పించుకున్నందుకు బాధపడుతున్నావా' అనలేదు. నేను మూలిగితే మాత్రం దానికి వేరే అర్థం ఉంటుంది. చెప్పలా, వద్దన్నాం కదా, ఇప్పుడు ఏడుస్తోంది. కాబట్టి నేను నవ్వుతూ ఉండాలి. ఫ్రెండ్స్ గ్రూప్‌లో కూడా అంతే. సర్జరీ కోసం డబ్బులు దాచుకుంటున్న కుర్రాళ్లు ఉంటారు అందులో, వాళ్లని భయపెట్టకూడదని 'ఆల్ గుడ్ బ్రో' అని పెట్టేవాణ్ణి. ఇటు వాళ్లకీ అబద్ధం, అటు వీళ్లకీ అబద్ధం. మధ్యలో నిజం తెలిసింది సెలైన్ బాటిల్‌కే.

ఆ రాత్రి డ్రెస్సింగ్ చేస్తూ అమ్మ అడిగింది. నా వీపు వెనక ఉంది కాబట్టి మొహం కనపడదు.

'నిజం చెప్పు నాన్నా. ఎందుకు చేయించుకున్నానా అనిపిస్తోందా?'

కాసేపు ఆలోచించే చెప్పాను. 'ఈ పుండు గురించి రోజూ ఏడుపొస్తోందమ్మా. ఎప్పటికీ మానదేమో అని భయమేస్తోంది. సెలవులు, డబ్బులు తల్చుకుంటే ఇంకో ఏడాది ఆగాల్సిందేమో అనీ అనిపిస్తోంది. కానీ ఛాతీ చూసుకుని ఒక్కరోజు కూడా ఏడవలేదు. ఈ రెండూ వేరు.'

ఆవిడ టేపు అంటించింది. గ్లౌజులు తీసి కవర్లో వేసింది.

'నువ్వు పుట్టినప్పుడు నాకు ఆపరేషన్ కుట్లు చీము పట్టినాయి. రెణ్ణెల్లు మంచం మీదే. వంగి నిన్ను ఎత్తుకోలేకపోయేదాన్ని. అబ్బో, ఎంత ఏడ్చానో' అంది. 'ఎందుకు కన్నావమ్మా, బాధపడుతున్నావా అని నన్నెవరూ అడగలేదు.'

ఇంకేం అనలేదు. సామాను సర్ది, లైటు తీసి, పడుకోమంది. మర్నాడు ఈ సంగతి ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆ రాత్రి మాత్రం నేను చాలా రోజుల తర్వాత గట్టిగా ఏడ్చాను, గది తలుపు మూయకుండానే.

ఇక నా తప్పు చెప్పాలి. ఏప్రిల్ 6న కూడా స్కేలు 4.2 దగ్గరే ఉంది. ఏడో తారీఖు చెకప్‌లో సర్జన్ అంచులు నొక్కి చూసి, రంగు పాలిపోయి ఉందేంటి అన్నారు. 'స్మోకింగ్ పూర్తిగా మానేశావు కదా?' అని అడిగారు. సర్జరీకి ముందూ తర్వాతా కొన్ని వారాలు ఒక్క సిగరెట్ కూడా ముట్టకూడదని ఆయన మొదటే చెప్పారు. నికోటిన్ సన్నటి రక్తనాళాల్ని బిగిస్తుంది, గాయం అంచుకి రక్తం చేరదు. జనవరిలో మానేశాను కూడా. ఫ్రెండ్స్ వెళ్లిపోయిన రోజు మళ్లీ మొదలైంది.

'మానేశాను సార్' అన్నాను.

వెనక నుంచి అమ్మ గొంతు. 'తాగుతున్నాడు డాక్టరు గారూ. రోజుకి రెండు. బాల్కనీలో.'

ఇక్కడ తెలుగు రాని ఫ్రెండ్స్‌కి నేను ఎంత చెప్పినా అర్థం కాని విషయం ఒకటుంది. అమ్మ నాతో మాట్లాడేటప్పుడు ఇబ్బంది లేదు. చిన్నప్పటి నుంచీ 'నాన్నా' అనే పిలుస్తుంది, ఆ మాట కూతురికైనా కొడుక్కైనా ఒకటే. నా గురించి వేరేవాళ్లతో మాట్లాడేటప్పుడే చిక్కు. వచ్చింది అనాలా, వచ్చాడు అనాలా? మూడేళ్లుగా అమ్మ దీనికో ఉపాయం కనిపెట్టింది. 'తినలేదు', 'లేవలేదు', 'ఇంకా స్నానం కాలేదు'. లేదు అంటే చాలు, ఆడా మగా తేలదు. నాన్నతో ఫోన్లో వింటే నేను ఏ పనీ చెయ్యని మనిషిలా ఉండేవాణ్ణి. తినలేదు, పడుకోలేదు, నవ్వలేదు.

అలాంటిది మొట్టమొదటిసారి 'తాగుతున్నాడు' అంది, అదీ నా మీద చాడీ చెప్పడానికి. సర్జన్ పది నిమిషాలు చెడామడా తిట్టారు. నాకు సగం కూడా వినపడలేదు. బయటికొచ్చాక ఆటోలో అమ్మ వంక చూస్తే కిటికీ లేని వైపు చూస్తూ కూర్చుంది. ఆ సాయంత్రం నాన్నతో ఫోన్లో మళ్లీ 'తినలేదు'కే వచ్చేసింది. ఇప్పటికీ కొన్ని రోజులు అలా, కొన్ని రోజులు ఇలా.

సిగరెట్ ఆ రోజే ఆపేశాను. ఏప్రిల్ 13న 3.9, ఇరవైన 3.3, ఇరవై ఏడున 2.6. సిగరెట్ ఒక్కటే కారణమని చెప్పలేను, అప్పటికి గాయం కూడా శుభ్రపడి మానే దశకి వచ్చిందేమో. కానీ ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పేది అదే. ఐదు వారాలు దాచాను. అందులో నాలుగు వారాలు నా పక్కనే కూర్చుని, వాసన తెలిసీ, రోజూ రెండుసార్లు గాయం కడిగింది అమ్మ.

ఆఫీసు సంగతి పెద్దగా చెప్పడానికి లేదు. హెచ్ఆర్‌కి తెలుసు, టీమ్‌కి తెలీదు. 'ఛాతీలో చిన్న ఆపరేషన్' అన్నాను, గుండెకేమో అనుకుని అందరూ భయపడి పని తగ్గించారు. నేను దిద్దలేదు. వర్క్ ఫ్రమ్ హోమ్ పొడిగించడానికి మూడుసార్లు సర్టిఫికెట్ పెట్టాను. వీడియో ఆన్ చేసినప్పుడు వెనక అమ్మ గాజ్ ముక్కలు కత్తిరిస్తూ కనపడకుండా బ్లర్ పెట్టుకునేవాణ్ణి.

ఏప్రిల్ చివర్లో ఎండ పెరిగింది. కంప్రెషన్ వెస్ట్ లోపల చెమట, టేపు కింద చర్మం పొక్కి ఇంకో కొత్త బాధ. టేపు అంటించే చోటు రోజూ కొంచెం జరపడం, ఊడదీసేటప్పుడు కొబ్బరినూనె రాయడం అమ్మ ఉపాయాలే. తాతయ్య దగ్గర నేర్చుకున్నవి. మే మొదటి వారంలో ఇంకో వింత. కొత్త కండ ఆగకుండా చర్మం కంటే పైకి ఉబ్బి, ముట్టుకుంటే రక్తం. ఇది కూడా మామూలేనట. కండ పైకి లేస్తే పక్కల చర్మం దాని మీదికి ఎక్కలేదు. సర్జన్ సిల్వర్ నైట్రేట్ పుల్లతో అద్దారు. అగ్గిపుల్లలా ఉంటుంది, తగిలిన చోట బూడిద రంగు అవుతుంది. మంట బాగానే ఉంది. 'అబ్బా' అన్నాను. గట్టిగానే. అమ్మ నా భుజం పట్టుకుని 'అయిపోయింది, అయిపోయింది' అంది. రెండు వారాల్లో మూడుసార్లు అద్దారు.

ఆ మధ్యలో ఒక రాత్రి గ్రూప్‌లో ఒక కుర్రాడు అడిగాడు, కాకినాడ వైపు అబ్బాయి. జూన్‌లో వాడికి సర్జరీ. 'అన్నా, నీది ఈజీగానే అయిపోయింది కదా?' అని. 'ఆల్ గుడ్ బ్రో' అని టైప్ చేసి, చెరిపేశాను. ఎక్సెల్ షీట్, పది ఆదివారాల ఫోటోలు వాడికి విడిగా పంపాను. రెండు టిక్కులు నీలం అయ్యాయి. అరగంట రిప్లై లేదు. భయపెట్టేశానా అనుకుంటుంటే మెసేజ్ వచ్చింది. 'వాటర్ క్యాన్ వేసేవాడికి ముందే చెప్పి పెట్టుకుంటా అన్నా. నాకు డ్రెస్సింగ్ ఎవరు చేస్తారో కూడా చూసుకోవాలి.' తర్వాత ఇంకోటి. 'సిగరెట్ ఇవాళే లాస్ట్.' ఇంతకు ముందు పంపిన ఆల్ గుడ్‌లు ఎంతమందిని నమ్మించాయో మరి.

మే 18న 0.4. మే 23, శుక్రవారం పొద్దున అమ్మ గాజ్ తీసి చూసి, దాన్ని నా ముందు పెట్టింది. పొడిగా ఉంది. ఒక్క మరక లేదు. గాయం ఉన్నచోట గులాబీ రంగు పల్చటి చర్మం, మిగతా కుట్టు గీత కంటే రెండింతల వెడల్పు. ఆ మచ్చ ఉండిపోతుంది. కావాలంటే ఏడాది తర్వాత సరిచేయొచ్చని సర్జన్ అన్నారు. ఇంకా ఆలోచించలేదు.

ఆ రోజు మూడు నెలల తర్వాత షవర్ కింద చెయ్యెత్తి నిలబడ్డాను. నీళ్లు నేరుగా ఛాతీ మీద పడటం ఎలా ఉంటుందో చెప్పడం నాకు రాదు. బయటికొచ్చేసరికి బాల్కనీలో తువ్వాలు ఆరేస్తూ అమ్మ మొదటిసారి నన్ను షర్టు లేకుండా ఎదురుగా చూసింది. ఒక్క క్షణం. 'ఎముకలు కనపడుతున్నయ్' అని లోపలికి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం కంచం ముందు కూర్చుంటే ముద్దపప్పు. కందిపప్పే. పైన నెయ్యి.

ఊరి నుంచి కొత్తావకాయ జాడీ వచ్చి వారమైంది, వంటింట్లో పై అరలో ఉంది. దాని వైపు చూశాను.

'అది ఇంకో నెల తర్వాత' అంది.